మాట బంద్ చేసిన ఊరి నుంచి సాగర్ దాకా

సత్తమ్మ చనిపోయిన రోజు ఆమె పాడెకు మా ఊరి నుంచి ఒక్క భుజం ఆనలేదు. నా భుజం కూడా ఆనలేదు. నేను ఇంట్లోనే ఉన్నాను, నాలుగడుగులు నడవగలిగే ఉన్నాను. కిటికీ రెక్క ఓరగా తెరిచి చూశాను. భర్త జంగయ్య, కూతురు శోభ, అల్లుడు, ఆ అల్లుడి వెంట సాగర్ నుంచి వచ్చిన ముగ్గురు ఆటోడ్రైవర్లు, అంతే. డప్పు లేదు. భుజం మార్చుకుంటూ పాడె మోయడానికి మనుషులు చాలక ట్రాలీలో పెట్టుకొని తీసుకుపోయారు. ఇది తప్పు. ఈ మాట ముందు రాస్తే తప్ప మిగతాది రాసే హక్కు నాకు లేదు.

మాది ఇబ్రహీంపట్నం మండలం. ఊరి పేరు రాయను, సిగ్గుతోనే రాయను. మా ఊళ్ళో మాట బంద్ అని ఒక కట్టుబాటు ఉంది. ఊరికి ఒకరి మీద కోపం వస్తే చాటింపు వేయిస్తారు. ఆ రోజు నుంచి ఆ ఇంటివాళ్ళతో ఎవరూ మాట్లాడరు. హోటల్లో చాయ్ పోయరు, గిర్నీలో పిండి పట్టరు, మంగలి గడ్డం గీయడు. మాట్లాడినవాళ్ళకూ అదే శిక్ష. ఒంట్లో బాగాలేని సత్తమ్మ జొన్నల మూట నెత్తిన పెట్టుకొని, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల మధ్య నుంచి నడుచుకుంటూ శేరిగూడ దాకా పోయి పిండి పట్టించుకునేది.

జంగయ్య చేసిన నేరం ఒక సంతకం. సర్కారువాళ్ళు మా భూములు అడగడానికి వచ్చినప్పుడు ఊరంతా పంచాయతీ ముందు చేత మట్టి పట్టుకొని ఒట్టేసుకున్నాం, ఎవరం కాగితం మీద వేలు పెట్టబోమని. రోడ్డు మీద కూర్చున్నాం, దెబ్బలు తిన్నాం. మా కొట్లాట న్యాయమైనదే, ఈ రోజుకూ అదే అంటాను. అది నడుస్తుండగానే సత్తమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. వైద్యానికి పైసలు కావాలని, జంగయ్య ఎవరికీ చెప్పకుండా పోయి సంతకం పెట్టి వచ్చాడు.

తెలిసిన రోజు పడుచువాళ్ళు కర్రలు పట్టుకొని అతని ఇంటి మీదికి బయలుదేరారు. నేను అడ్డం నిలబడ్డాను. ఊళ్ళో నన్ను పుస్తకాల తాత అంటారు. బడి ముఖం చూడలేదు. గోడలు కట్టే సుతారి పనిలో, సిమెంటు సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. చాలా ఏళ్ళుగా బుద్ధుడి గురించి ఏ పుస్తకం దొరికినా విడిచిపెట్టలేదు. ఆ రోజు అరుగెక్కి నేను అన్నది ఇది: "కొట్టుడొద్దు బిడ్డా. బుద్ధుడు గూడ ఆఖరి దినాల్ల ఒక మొండి భిక్షువుకు శిక్షేసిండు. ఎవ్వలు ఆయనతోటి మాట్లాడొద్దన్నడు, గంతే. మనం గూడ గట్లనే జేద్దాం." కర్రలు కిందికి దిగాయి. నెత్తురు కారకుండా ఆపానని నేను గర్వపడ్డాను.

కథలో సగమే చెప్పాను. ఆ భిక్షువు శిక్ష సంగతి విని కుమిలిపోయి, ఒంటరిగా కూర్చొని తనను తాను దిద్దుకున్నాడు. దిద్దుకున్న నాడే శిక్ష తొలగిపోయింది. మా శిక్షకు ముగింపు లేదు. ఆ భిక్షువుది అహంకారం, జంగయ్యది భార్య ప్రాణం. ఈ తేడా నాకు తర్వాత తెలిసింది కాదు, అరుగు మీద నిలబడ్డప్పుడే తెలుసు.

ఏడాది తిరగకముందే ఊళ్ళో సగంమంది సంతకాలు పెట్టారు. వాళ్ళతో మాట బంద్ ఎవరూ చేయలేదు, చేయడానికి మనుషులు మిగలలేదు. సత్తమ్మ పోయాక జంగయ్య ఇంటికి తాళం వేసి నాగార్జునసాగర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. "చాటింపు వేసి పెట్టిన శిక్షను చాటింపు వేసే తీసెయ్యండి" అని కొట్లాట నడిపిన ఊరి కమిటీవాళ్ళ చుట్టూ తిరిగాను. "అయిపోయిన ముచ్చట ఎందుకు తవ్వుతవ్ తాతా?" అన్నారు. సత్తమ్మ సంవత్సరీకం, మా మాటలో యాడాది, దగ్గరపడింది. ఇంటింటికీ పోయి అడిగితే, ఊళ్ళో పెడితే వస్తామని కొందరు తల ఊపారు. జంగయ్య ఊరికి వస్తాడా, ఆ ఒక్క పూట మా మధ్య కూర్చుంటాడా అని అడగడానికి నేను సాగర్ పోయాను.

ఇబ్రహీంపట్నం బస్టాండు

సాగర్ బస్సు సిటీ నుంచే నిండి వచ్చింది. తుర్కయాంజాల్‌లో ఎక్కినవాళ్ళే నిలబడి ఉన్నారు. ఆ తుర్కయాంజాల్ అపార్టుమెంట్లలో మూడింటి గోడలు నేనూ జంగయ్యా కట్టినవే. ఇటుక అందించింది సత్తమ్మ. ఇప్పుడు ఆ గోడల మీద రంగులు చూస్తే ఎవరు కట్టారని ఎవరడుగుతారు?

ఆడవాళ్ళకు జీరో టికెట్టు, నాకు పూర్తి టికెట్టు. సీతాఫలాల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ జరిగి నాకు చోటిస్తూ, "తాతా, చీర కట్టుకోని వస్తే పుక్యానికి పోతుంటివి గదా" అంది. బస్సులో సగం నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు.

"యాడికి పోతున్నవ్?" అని ఆమే అడిగింది.

"సాగర్. సావు పలకరింపుకు."

"అయ్యో. ఎప్పుడు పోయిండ్రు?"

"పోయినేడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "యాడాది సంది నీకు బస్సే దొరకలేదా తాతా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె ఎగతాళికి అన్నదో నిజంగా అడిగిందో నాకు తెలియదు. యాచారం దాకా నేను బయటికే చూశాను. దిగేటప్పుడు ఒక సీతాఫలం నా చేతిలో పెట్టి, "ఫికర్ జెయ్యకు, పోతున్నవ్ గదా" అని గంప ఎత్తుకొని పోయింది.

మాల్ సంత

మాల్‌లో ఆ రోజు సంత. పశువులతో రోడ్డు మూసుకుపోయి బస్సు నిలిచింది. "పది నిమిషాలు" అని డ్రైవరు అన్న మాట నమ్మి సంచి పట్టుకొనే మిర్చీలకు దిగాను. చాయ్ పది రూపాయలు, నాలుగు మిర్చీలు ఇరవై. మా ఊళ్ళో ఇంకా చవక, కానీ ఇంత కారం ఉండదు. కళ్ళు తుడుచుకొని తలెత్తేసరికి బస్సు లేదు.

రెండో బస్సుకు గంట పట్టింది. ఆ గంటలో ఎడ్ల బేరం చూశాను. ఇద్దరు దళారులు ఒక తువ్వాల కింద చేతులు పెట్టుకొని, వేళ్ళు నొక్కుకుంటూ బేరమాడుతున్నారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ధర తెలియకూడదని అట్లా చేస్తారట. ఒక్క మాట లేదు. ఒకడు తల అడ్డంగా ఊపుతాడు, రెండోవాడు మళ్ళీ నొక్కుతాడు. చాలాసేపటికి ఇద్దరూ నవ్వి చేతులు బయటికి తీశారు, ఎడ్లు చేతులు మారాయి.

మాట లేకపోవడం ఇట్లా కూడా ఉంటుందా అనిపించింది. వీళ్ళూ మాట్లాడుకోలేదు, కానీ ఇద్దరి చేతులూ ఒక గుడ్డ కింద ఉన్నాయి. మేము చెయ్యి కూడా తీసేశాం. బుద్ధుడు మాటతో చేసే తప్పులు నాలుగని చెప్పాడు: అబద్ధం, చాడీ, కరుకు మాట, పనికిరాని మాట. ఈ నాలుగూ చేయకుండా బతకాలని నేను ఏళ్ళ తరబడి జాగ్రత్తపడ్డాను. అడిగినవాడికి జవాబు చెప్పకపోవడం ఆ లెక్కలో లేదు గనక నాకేం కాదనుకున్నాను. చట్టంలో సందు వెతికే వకీలులాగా ధర్మంలో సందు వెతికాను.

పైలాన్ కాలనీ, పొరపాటున

మల్లేపల్లి దాటాక నిద్రపట్టింది. శోభ ఉండేది పైన హిల్ కాలనీలో. నేను కళ్ళు తెరిచేసరికి బస్సు దిగువన పైలాన్ కాలనీకి వచ్చేసింది. దిగి నాలుగడుగులు వేశానో లేదో చెప్పు తెగింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో చెప్పు పట్టుకొని చేపల వేపుడు హోటలు ముందు నిలబడ్డాను.

"రండి పెద్దాయనా, ఎండలో నిలబడ్డారేం, కూర్చోండి" అంది హోటలావిడ. ఈ 'అండి' మా దిక్కు వినబడదు. మా దగ్గర ప్రేమున్నా కోపమున్నా 'కూసో' అనే అంటారు. ఆమె మాచర్ల వైపు మనిషి, పెళ్ళయి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళయిందట. సాగర్ నీళ్ళలో చేపను కారం పట్టించి పెనం మీద వేయించి పెట్టింది. ఎనభై రూపాయలు. ముల్లు తీసి తినడం నాకు చేతకాక నానా అవస్థ పడుతుంటే తనే వచ్చి ముల్లు లాగి ఇచ్చింది.

ఎవరి ఇంటికని అడిగింది. ఆటో నడిపే ఫలానా వాళ్ళ మామ జంగయ్య అన్నాను.

"ఆ భార్య పోయినాయనా? ఆమె దినాలు ఇక్కడే చేశారు, మేమందరం వెళ్ళాం కదండీ. పాపం, ఊరి నుంచి ఒక్కరూ రాలేదు. ఈ కాలనీల్లో ఎవరింట్లో చావు జరిగినా ఆ రోజు చేపలవాళ్ళు వల వేయరు, మేం పొయ్యి వెలిగించం. ఆమెను మేం ఎన్నడూ చూడలేదు. అయినా ఆ రోజు పొయ్యి వెలిగించలేదు." చేయి కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ అడిగింది: "మీరు ఆ ఊరి వాళ్ళేనా?"

అవునన్నాను. ఆమె చెంబు కింద పెట్టింది. చెప్పుకు పిన్నీసు పెట్టి ఇచ్చింది, దానికి పైసలు తీసుకోలేదు.

హిల్ కాలనీ, శోభ ఇల్లు

శోభ నా చేతుల్లో పెరిగిన పిల్ల. ఇసుక కుప్పల మీద ఆడుకుంటూ 'పెద్దబాపూ' అని నా కాళ్ళకు చుట్టుకునేది. తలుపు తీసి, "ఎవలు గావాలె?" అంది.

"నేను బిడ్డా."

"ఎవలో తెలుసు. ఏం పని మీద వచ్చిండ్రు?"

ఆ 'వచ్చిండ్రు' నాకు చెంప మీద తగిలింది. ఆ పిల్ల నన్ను 'నువ్వు' అని తప్ప ఎప్పుడూ అట్లా అనలేదు. నాయన కోసం వచ్చానన్నాను.

"మీ నోట్లె ఇప్పుడు మాటలెట్ల మొలిచినయ్? మా అమ్మను మోసిన ఆటోడ్రైవర్లకు మా అమ్మ పేరు గూడ తెల్వదు. మీకు తెలుసు. ఆమె కలిపిన సిమెంటు మాలుతోనే గదా మీరు గోడలు కట్టింది?"

"తప్పు చేసిన బిడ్డా."

"తప్పు చేసినోళ్ళు యాడాదికి గాదు, తెల్లారి వస్తరు."

అంతలో లోపలి నుంచి జంగయ్య వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం తెల్లబడింది. నన్ను చూసి ఆగాడు. తిడతాడనుకున్నాను, తలుపు వేస్తాడనుకున్నాను. "కాళ్ళు కడుక్కో అన్నా" అన్నాడు, నిన్న మొన్న కలిసినట్టు. శోభ చెంబు నేల మీద ఠక్కుమని పెట్టి లోపలికి పోయింది.

జంగయ్య అన్నీ మాట్లాడాడు. డ్యాము గేట్లు ఎత్తిన రోజు జనం ఎట్లా వచ్చారో చెప్పాడు. అల్లుడి ఆటో రిపేరు గురించి చెప్పాడు. "నీ పుస్తకాలకు చెదలు పట్టలేదా ఇంకా?" అని నవ్వాడు. కానీ నేను సత్తమ్మ పేరెత్తగానే లేచి పశువుల గోళెంలో నీళ్ళు చూసుకునేవాడు. సంవత్సరీకం మాటెత్తగానే, "రేపు కొండకు పోదాం, నువ్వు చూడలేదు గదా" అన్నాడు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అంతే. ఆ రాత్రి లాడ్జిలో పడుకున్నాను. శోభ ఉండమనలేదు, ఉండమంటే నాకూ నిద్ర పట్టేది కాదు.

కొండ మీద

నాగార్జునకొండకు లాంచీలో పోవాలి. మనుషులు నిండితేనే కదులుతుంది. ఇద్దరం రేవులో రెండు గంటలు కూర్చున్నాం. చివరికి ఒక పెళ్ళి బృందం వచ్చి లాంచీని నింపింది.

నీళ్ళ కింద ఒక లోయ ఉంది, ఆ లోయలో ఒకప్పుడు భిక్షువులు ఉన్న విహారాలు, స్తూపాలు ఉండేవని చదివాను. డ్యాము కట్టేటప్పుడు వాటి రాళ్ళూ ఇటుకలూ తీసి, కొండ మీదికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. పుస్తకంలో చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు నీళ్ళ మీద పోతుంటే నాకు వేరే కోపం వచ్చింది. ఆ లోయలో మనుషులూ ఉన్నారు కదా, వాళ్ళ పొయ్యిరాళ్ళు ఎక్కడ నిలబెట్టారు? కొండంతా తిరిగాను. వాళ్ళ ఊళ్ళ పేర్లు నా కంటికైతే ఎక్కడా కనబడలేదు. మా భూముల కాగితాలు వచ్చిన రోజు గుర్తొచ్చింది.

జంగయ్యకు ఈ కోపాలు లేవు. స్తూపం ఇటుకల ముందు కూర్చొని అరచేత్తో కొలిచాడు. "అబ్బ, గింత పెద్ద ఇటుకనా! గిది ఒక్క చేత్తోటి లేస్తదా అన్నా?"

"రెండు చేతులు గావాలె."

"మరి మాలు ఎవలు ఏస్తరు?" అని నవ్వి, వేలితో చూపించాడు. "గిది పాతది. గిది కొత్తది, అతుకు జూడు, మన పనోడు గాదు వీడు."

చక్రం ఆకుల్లాగా లోపలికి పరిచిన ఆ గోడల పక్కన కూర్చొని, నేను మొత్తం చెప్పేశాను. ఆ రోజు అరుగు మీద సగం కథ చెప్పానని, రెండో సగం తెలిసీ మింగానని చెప్పాను. కిటికీ సంగతి చెప్పాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని బుద్ధుడు చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్న కథ అందరికీ తెలుసు. దుఃఖం అందరిదీ అని ఆమెకు అర్థమైందని చెప్పుకుంటాం. ఇన్నేళ్ళూ నేనూ అట్లాగే చెప్పాను. ఆ తల్లి తట్టిన ప్రతి తలుపూ తెరుచుకుందని, ప్రతి ఇంటివాళ్ళూ ఆమెకు జవాబు చెప్పారని నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ ఊరు మాట్లాడింది గనక బుద్ధుడి మందు పనిచేసింది. మా ఊళ్ళో అయితే ఆమె బిడ్డ శవంతో అట్లాగే తిరుగుతూ ఉండేది. ఇదంతా జంగయ్యతో చెప్పాను. చెప్పి, "ఊరికి రా జంగయ్యా. యాడాది ఊళ్ళె పెడదాం. ఇంటింటికి తిరిగిన, వస్తమన్నరు. ముందుగాల చాటింపు నేనే ఏస్త, నా నోటితోటి" అన్నాను.

అతను ఇటుకల మీది మట్టిని వేళ్ళతో దులుపుతూ ఉన్నాడు. "లాంచీ కూతేసింది అన్నా, లే. మల్ల ఇది పోతే ఈడనే పండుకోవాలె" అన్నాడు.

తిరుగు లాంచీలో పెళ్ళివాళ్ళు పాటలు పెట్టుకొని ఆడారు. ఒక ముసలావిడ మా ఇద్దరి చేతుల్లో లడ్డూలు పెట్టి, అన్నదమ్ములా అని అడిగింది. నేను జంగయ్య వైపు చూశాను. అతను నీళ్ళ వైపు చూస్తూ లడ్డూ కొరికాడు.

మూడో పొద్దు, హిల్ కాలనీ బస్టాపు

పొద్దున బస్సు ఎక్కించడానికి జంగయ్య వచ్చాడు. నా సంచి తనే మోశాడు. శోభ రాలేదు. నేను ఇక అడగలేదు. అడగడానికి నాకేం మిగల్లేదు. చెప్పిన మాటకు జవాబు రాకపోతే మనిషి లోపల ఏమవుతుందో ఈ రెండు రోజుల్లో తెలిసింది. నాకు రెండు రోజులు. వాళ్ళకు ఏడాదికి దగ్గర దగ్గర.

బస్సు మలుపు తిరిగి కనబడింది. నేను చెయ్యి ఎత్తాను. సంచి నా భుజానికి తగిలిస్తూ జంగయ్య అప్పుడు మాట్లాడాడు. గొంతు పెంచలేదు. బస్సు ఆగేదాకా నా ముఖంలోకే చూస్తూ చెప్పాడు. అతను అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఊరికి నేను రాను అన్నా. నీ చాటింపు నాకొద్దు. మాఫీ నా తాన అడగకు, నాకు ఇయ్యనీకె రాదు. నీతోటి చెప్పని ముచ్చట ఒకటున్నది, విను. ఆఖరి నెలల్ల సత్తమ్మ గడపల కూసొని, పోయెటోళ్ళను ఒక్కొక్కల్ని పేరు వెట్టి పిలిచేది. నేను వద్దన్న, ఇనలే. ఎవలో ఒకలు పలుకుతరనేది. ఒకనాడు నువ్వు వోతున్నవ్. 'అన్నా, తిన్నవా?' అన్నది. నువ్వు ఛత్రి అడ్డం వెట్టుకొని వోయినవ్. నేను లోపలి నుంచి చూసిన. ఆమె నాకు చెప్పలే, నేను అడగలే. యాడాది ఈడనే పెడుత. ఊరిని తేకు, పుస్తకం తేకు. నువ్వొక్కనివి రా. ఆమె ఫోటో ముందట విస్తరేస్త. కూసొని తిను. తిన్నంక, తిన్ననని ఆమెకు చెప్పు. నాకు గాదు."